విరిగిన తుంటి, అరిగిన కీలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచి, ప్రతి ఉదయము తలుపులు తెరచి పాఠకులను ఆహ్వానించుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు అవకాశమిచ్చిన పెద్దలకు నా కృతజ్ఞతలు. వైద్యుడు సభలో నిలిచినచో మితాహారమును గూర్చియో, పరిశుభ్రతను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేను మాత్రము శరీరములోని ఒకే ఒక కీలును గూర్చి, అది విరిగినపుడు చేయవలసిన చికిత్సను గూర్చి చెప్పదలచితిని.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము గలదు. ఉదయము పత్రికల గదిలో కూర్చుండువారిలో అరువది దాటినవారు చాలమంది. వారి యిండ్లలో వారికంటె పెద్దవారైన తల్లులు, అత్తలు, అక్కలు ఉన్నారు. "ముసలితనమున తుంటి విరిగినచో ఇక మంచమే గతి" యను మాట మన పల్లెలలో నేటికిని వినబడుచునే యున్నది. అందులోను, ఏండ్ల తరబడి కీళ్ళజబ్బుతో బాధపడువారికి తుంటి విరిగినచో, "అది మొదటినుండియు చెడిన కాలే గదా, ఇప్పుడు బాగుచేయించి యేమి లాభము?" అని ఇంటివారే నిరాశ చేసికొందురు. ఈ రెండు మాటలును నేడు సత్యములు కావు. చెడిన కీలు విరిగినపుడు విరుగుటకును, చెడుటకును కలిపి ఒకే చికిత్స చేయు మార్గము ఏర్పడియున్నది. దానిని వివరించుటయే నా యుద్దేశము.

మొదట తుంటి నిర్మాణమును తెలిసికొందము. కటి యెముకకు ఇరుప్రక్కల గిన్నెవంటి గుంట యొక్కొక్కటి యున్నది. తొడ యెముక పైకొన బంతివలె గుండ్రనై ఆ గిన్నెలో ఇమిడి తిరుగుచుండును. ఈ బంతికిని, తొడ యెముక కాండమునకును నడుమ ఏటవాలుగా నున్న సన్నని భాగమును మెడ యందురు. బంతిమీదను, గిన్నెలోపలను తెల్లని నునుపైన పొర పరచియుండును. దానికి మృదులాస్థి యని పేరు. బండి యిరుసునకు కందెన యెట్టిదో, కీలునకు ఈ పొరయు, దానిని తడుపు ద్రవమును అట్టివి. మనము మామూలుగా నడచునపుడే ఈ కీలుమీద శరీరపు బరువునకు సుమారు రెండున్నర రెట్ల భారము పడుచుండును. ప్రతి అడుగునందును మనము ఒంటికాలిపై నిలుచుచున్నాము. అపుడు నడుము ఒరిగిపోకుండ ప్రక్క కండరములు గట్టిగా లాగును. బరువునకు తోడు ఈ లాగుడు కూడ కీలుమీదనే పడును.

వయస్సు మీరినకొలది ఎముకలు లోలోపల గుల్లబారును. స్త్రీలకు ముట్టు నిలిచిన పిదప ఇది మరింత త్వరగా సాగును. అట్టి యెముక విరుగుటకు పెద్ద ప్రమాదమేమియు అక్కరలేదు. స్నానాల గదిలో కాలు జారుట, రాత్రివేళ గడప తట్టుకొని ప్రక్కకు పడుట చాలును. పడినవారు లేవలేరు. కాలు పొట్టియై, పాదము వెలుపలి వైపునకు తిరిగియుండును. మడమను పడకమీదినుండి ఎత్తలేరు. ఇవి తుంటి విరిగిన గుర్తులు. అయితే విరిగిన ముక్కలు ఒకదానిలో నొకటి గ్రుచ్చుకొనిపోయినచో కొందరు కుంటుచు నడువను గలరు. కావున పడిన తరువాత గజ్జలలో నొప్పి యున్నచో, "నడచుచున్నది గదా" యని ఎక్స్‌రే తీయించుట మానరాదు.

తుంటి రెండు చోట్ల విరుగును. ఒకటి మెడ దగ్గర, కీలును కప్పియుండు సంచికి లోపల. రెండవది మెడకు దిగువ, కండరములు అంటియుండు గుబ్బల నడుమ, సంచికి వెలుపల. పేరు ఒకటే యైనను ఈ రెండింటి స్వభావము వేరు. బంతికి రక్తమును కొనిపోవు సన్నని నాళములు మెడ నంటిపెట్టుకొని క్రిందినుండి పైకి ప్రాకుచుండును. మెడ విరిగి ముక్కలు తొలగినచో ఆ నాళములు తెగును. నీరందని మొక్కవలె బంతి చచ్చును. దిగువ విరిగినపుడు అట్టి యాపద అరుదు. అచ్చట రక్తము సమృద్ధి. ముక్కలను సరిచేసి లోహపు మేకుతో బిగించినచో సాధారణముగా అతుకుకొనును.

మన పూర్వులకు ఎముకల చికిత్స తెలియదనుకొనరాదు. సుశ్రుత సంహితలో విరిగిన యెముకలకు ప్రత్యేకాధ్యాయమే యున్నది. తొడ, పిక్క విరిగినవారిని కదలనీయక పలకమీద పరుండబెట్టి మేకులతో నిలుపు కపాటశయన విధానము అందు చెప్పబడినది. పసివయసున నెలలో అతుకు ఎముక నడివయసున రెండింతల కాలము, వార్ధక్యమున మూడింతల కాలము తీసికొనునని కూడ సుశ్రుతుడు గమనించెను. మన ప్రాంతమున పుత్తూరు కట్టును ఎరుగనివారు లేరు. ముంజేయి వంటి చోట్ల ఎముక చర్మమునకు దగ్గరగా నుండును గనుక వెలుపలి కట్టు దానిని పట్టి నిలుపగలదు. తుంటి మెడయో, దట్టమైన కండరముల లోతున నున్నది. ఏ కట్టును దానిని పట్టజాలదు. తైలమర్దనము చేసి కాలును లాగినచో విరిగిన ముక్కలు మరింత తొలగును. ఇక పడకమీదనే ఉంచినచో నడుము పుండ్లుపడుట, ఊపిరితిత్తులలో నెమ్ము చేరుట, కాలి నాళములలో రక్తము గడ్డకట్టుట సంభవించును. తుంటి విరిగిన వృద్ధులలో అయిదుగురిలో ఒకరు, కొన్నిచోట్ల అంతకు మించియు, ఏడాదిలోపల మరణించుట లోకమంతటను కనబడుచున్నది. వారిని ఎంత త్వరగా లేపి నిలబెట్టగలమో అంత మేలు. శస్త్రచికిత్స యొక్క మొదటి ప్రయోజనము ఇదియే.

ఈ చికిత్స చరిత్ర రెండు పాయలుగా ప్రవహించినది. మొదటి పాయ విరిగిన తుంటిది. మెడ విరిగిన బంతి చచ్చునపుడు దానిని తీసివేసి, దాని స్థానమున లోహపు బంతిని ఏల పెట్టరాదను ఆలోచన వైద్యులకు కలిగెను. అమెరికాలో ఆస్టిన్ మూర్, హెరాల్డ్ బోల్మన్ అను శస్త్రవైద్యులు 1940లో ఒక రోగి తొడ యెముక పైభాగమును తీసివేసి లోహముతో చేసిన దానిని అమర్చిరి. తరువాత మూర్ రూపొందించిన లోహపు బంతి, దాని క్రింద తొడ యెముక కాండములోనికి దిగు కాడ, 1950ల దశకమునుండి దేశదేశములలో వ్యాపించెను. మన దేశపు ఆసుపత్రులలో నేటికిని ఆయన పేరుతోనే అది వాడుకలో నున్నది. ఇందు బంతి మాత్రమే మారును. గిన్నె రోగి సొంతము. కావున దీనిని సగము మార్పిడి యనవచ్చును.

రెండవ పాయ అరిగిన కీలుది. ఇచ్చట విరుగుట లేదు. మృదులాస్థి అరిగి, ఎముకతో ఎముక రాచుకొని, అడుగు తీసి అడుగు వేయలేని బాధ. ఇందుకు మార్గము చూపినవాడు ఇంగ్లాండులో లాంకషైరు ప్రాంతమందలి రైటింగ్‌టన్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీ. బంతిని లోహముతోను, గిన్నెను మెత్తని పదార్థముతోను చేసి, రెండింటిని ఎముకకు సిమెంటువంటి పదార్థముతో అతికించిన బాగుండునని ఆయన తలచెను. మొదట గిన్నెకు టెఫ్లాను అను ప్లాస్టికును వాడెను. రోగులు సంతోషముతో నడచిరి. కాని కొన్ని యేండ్లకే ఆ గిన్నెలు అరిగిపోయి, ఆ పొడి చుట్టునున్న కండను పాడుచేసెను. ఆ పొడి శరీరమున ఏమి చేయునో తెలిసికొనుటకు చార్న్‌లీ దానిని తన తొడలోనికే ఎక్కించుకొని పరీక్షించెను.

1962లో ఒక వర్తకుడు మగ్గములకు వాడు పళ్ళచక్రముల ప్లాస్టికు నమూనాను ఆ ఆసుపత్రి పనిశాలకు తెచ్చెను. చార్న్‌లీకి అది నచ్చలేదు. కాని పనిశాలలోని హారీ క్రేవెన్ అను పనివాడు, చార్న్‌లీ ఊరలేని సమయమున దానిని అరుగుదల యంత్రమునకు ఎక్కించి రేయింబవళ్ళు నడపెను. మూడు వారములు నడచినను, టెఫ్లాను ఒక్కరోజున అరుగునంత కూడ అది అరుగలేదు. పాలిథీన్ జాతికి చెందిన ఆ పదార్థముతోనే 1962 నవంబరున నేటి పూర్తి తుంటి మార్పిడి ఆరంభమయ్యెను. నేతపని కొరకు పుట్టిన వస్తువు లక్షలాది మందిని నడిపించినది. 2007లో లాన్సెట్ అను వైద్యపత్రిక దీనిని శతాబ్దపు శస్త్రచికిత్స యని వర్ణించినది.

ఒక పాయ విరిగిన తుంటికి, రెండవ పాయ అరిగిన తుంటికి ఏర్పడినవి గదా! ఒకే మనిషికి ఈ రెండును సంభవించినపుడు ఏమి చేయవలెను? ఒక ఉదాహరణము చెప్పుకొందము. అరువదియెనిమిదేండ్ల అవ్వ యొకతె యున్నదనుకొనుడు. పదునైదేండ్లుగా ఆమెకు కీళ్ళవాతము. వ్రేళ్ళు వంకరపోయినవి. తుంటి కూడ నొచ్చుచు, కర్ర ఊతతో నడచుచున్నది. ఉపశమనము కొరకు స్టెరాయిడు మాత్రలు చాలకాలముగా వాడుచున్నది. ఆమె పెరటిలో జారిపడి తుంటి మెడ విరిగినది. వైద్యుని యెదుట మూడు మార్గములున్నవి.

మొదటిది ముక్కలను మరలతో బిగించుట. కాని కీళ్ళవాతము వలనను, మాత్రల వలనను ఆ యెముక బూడిదగుమ్మడికాయ వలె మెత్తబడియున్నది. మరలు పట్టు దొరకక జారును. ఒకవేళ అతికినను ఆమెకు దక్కునది ఏమి? పడకముందు నొచ్చుచుండిన కీలే. రెండవది సగము మార్పిడి. లోహపు బంతి క్రొత్తదే గాని, అది తిరుగవలసిన గిన్నె చెడియున్నది. ఇరుసు విరిగిన బండికి చక్రము నడిమి తొర్ర కూడ అరిగి వంకరపోయినదనుకొనుడు. క్రొత్త యిరుసు మాత్రమే వేసిన బండి సాగునా? అదియు గాక కీళ్ళవాతమున గిన్నె అడుగు పలుచబడి లోనికి క్రుంగియుండుట కలదు. గట్టి లోహము దానిని మరింత లోనికి నెట్టును. ఇక మూడవది పూర్తి మార్పిడి. విరిగిన బంతిని తీసి క్రొత్త బంతిని, చెడిన గిన్నెను చెక్కి క్రొత్త గిన్నెను అమర్చుట. విరుగుట వలని బాధయు, పాత జబ్బు వలని బాధయు ఒకే పర్యాయమున తొలగును. కాబట్టియే ఇట్టివారికి ఇది మేలైన మార్గము.

అట్లని తుంటి విరిగిన ప్రతివారికిని పూర్తి మార్పిడి అక్కరలేదు. 2019లో ప్రకటింపబడిన ఒక గొప్ప పరిశీలనమున 10 దేశములలోని 80 ఆసుపత్రులలో, ఏబదేండ్లు దాటి మెడ విరిగిన 1,495 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు సగము, రెండవ జట్టునకు పూర్తి మార్పిడి చేసిరి. రెండేండ్లలో మరల శస్త్రచికిత్స అవసరమైనవారు పూర్తి మార్పిడి పొందినవారిలో నూటికి 7.9, సగము మార్పిడి పొందినవారిలో 8.3. నడక, పనిపాటలలో మొదటివారికి కలిగిన మేలు స్వల్పమే. పూర్తి మార్పిడికి కాలము, ఖర్చు ఎక్కువ. బంతి గిన్నెనుండి జారు భయము కూడ అధికము. కావున ఆరోగ్యమైన గిన్నె యుండి, ఇల్లు దాటి తిరుగని బలహీన వృద్ధులకు సగము మార్పిడియే చాలును. తూకమును మార్చునది గిన్నె స్థితి.

కీలు జబ్బు ఎట్టిదో దానినిబట్టి జాగ్రత్తలు మారును. సామాన్యపు అరుగుదలలో కీలు బిగుసుకొనియుండును. అట్టివారికి మెడ కంటె దిగువ భాగము విరుగుట ఎక్కువ. దిగువ విరిగినపుడు మార్పిడి కష్టతరము గనుక, ముందు మేకుతో అతికించి, నొప్పి మిగిలినచో పిదప మార్పిడి చేయుట కూడ కలదు. మద్యపానము వలన గాని, దీర్ఘకాలపు స్టెరాయిడుల వలన గాని, ఏజెన్సీ ప్రాంతముల గిరిజనులలో కనబడు సికిల్ సెల్ రక్తదోషము వలన గాని, బంతికి రక్తమందక ముందే చచ్చియుండవచ్చును. కీలులో పూర్వము క్షయ సోకియుండినచో, ఆ క్రిమి పూర్తిగా నశించినదో లేదో తేల్చుకొనక లోహమును అమర్చరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన జబ్బు మరొకటి గలదు. నీటిలోని ఫ్లోరైడు వలన కలుగు ఎముకల వ్యాధి. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతముల ప్రజలలో దీనిని పరిశీలించి 1937లో వైద్యులు ప్రకటించిరి. ఆ ప్రాంతము పిదప ప్రకాశము జిల్లాలో చేరినది. నల్లగొండ జిల్లా బాధ లోకవిదితము. ఈ యెముక ఎక్స్‌రేలో దట్టముగా కనబడును గాని పెళుసు. వెన్ను బిగుసుకొనియుండుటచే నడుములో మత్తుసూది వేయుట కూడ కష్టము. ఇది ముందుగా తెలిసిన వైద్యుడు వేరు ఏర్పాటు చేసికొనును.

కావున, మహాజనులారా! నేను చెప్పిన దానిలో మీరు ఒక్కటే గుర్తుంచుకొనదలచినచో ఈ ప్రశ్నను గుర్తుంచుకొనుడు: "పడకముందు ఆ కాలు ఎట్లుండెను?" ఎక్స్‌రే విరిగిన చోటును చూపును గాని, ఆమె ఎన్ని యేండ్లుగా మెట్లు ఎక్కలేకుండెనో, రాత్రులు గజ్జలలో నొప్పితో ఎట్లు మేల్కొనియుండెనో చూపదు. ఆ సంగతి చెప్పగలవారు ఇంటివారే. వైద్యుడు అడిగినను, అడుగకున్నను చెప్పుడు. ఏ మాత్రలు ఎంతకాలముగా వాడుచున్నదో చెప్పుడు. స్టెరాయిడు మాత్రలు అకస్మాత్తుగా మానినచో ప్రాణాపాయము గలదు. రక్తము పలుచబరచు మందు వాడుచున్నచో శస్త్రచికిత్సకు ముందే వైద్యునికి తెలియవలెను. కీళ్ళవాతమున మెడలోని పూసలు వదులైయుండవచ్చును గనుక మత్తు వైద్యునికి ఆ మాట చెప్పవలెను. ఇవన్నియు ఒక చీటిపై వ్రాసి రేషను కార్డుతోపాటు దాచుకొనుట ప్రతి వృద్ధునకు మంచిది. వ్రాయలేనివారికి మన గ్రంథాలయ యువకులు వ్రాసిపెట్టినచో అదియు ఒక విద్యాదానమే.

పడిననాడు చేయవలసినవి కొన్నియే. బలవంతముగా నిలబెట్టరాదు. తైలము రాయరాదు. పలకమీదనో, మంచముమీదనో కదలకుండ ఉంచి ఆసుపత్రికి కొనిపోవలెను. చికిత్స ఆలస్యము కారాదు. 2020లో ప్రకటింపబడిన మరొక పరిశీలనమున 17 దేశములలోని 2,970 మంది రోగులలో కొందరికి సుమారు ఆరు గంటలలోను, కొందరికి ఒక దినములోను శస్త్రచికిత్స చేసిరి. మరణములలో చెప్పుకోదగిన భేదము లేకున్నను, త్వరగా చేయించుకొన్నవారిలో మతిభ్రమ తగ్గెను, వారు త్వరగా లేచి నిలిచిరి. ఆరు గంటలు మనకు సాధ్యము కాకపోవచ్చును. కాని "వారము చూతము, పండుగ పోనిత్తము" అను ఆలస్యము తగదు. ఖర్చు విషయమున ప్రభుత్వ ఆరోగ్య పథకము వర్తించునో లేదో ఆసుపత్రిలో చేరిననాడే విచారింపవలెను.

శస్త్రచికిత్సతో పని ముగియదు. సాధారణముగా మరునాడే రోగిని లేపి నిలబెట్టుదురు. అపుడు భయపడి "పాపము, పడుకోనిండు" అనకుడు. బాసిపెట్లు వేసికొని కూర్చుండుట, గొంతుకూర్చుండుట, తక్కువ యెత్తు పీటపై కూర్చుండి వంగుట, కాలిపై కాలు వేయుట వలన బంతి గిన్నెనుండి తప్పిపోవచ్చును. వైద్యుడు అనుమతించువరకు వీనిని మానవలెను. కూర్చుండు మరుగుదొడ్డి, చేతులున్న ఎత్తైన కుర్చీ, పరుండునపుడు కాళ్ళ నడుమ దిండు అవసరములు. బంతి జారుటను తగ్గించుటకై 1970ల దశకమున ఫ్రాన్సు దేశమున కనుగొనబడిన రెండు పొరల గిన్నె నేడు విరివిగా వాడుకలోనికి వచ్చినది. గాయము నుండి చీము కారినను, జ్వరము వచ్చినను, పిక్క వాచినను, ఇంటివైద్యము చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

అమర్చిన కీలు ఎన్నాళ్ళు నిలుచునని మీరు అడుగవచ్చును. లెక్కలను కూర్చి 2019లో ప్రకటించిన ఫలితములనుబట్టి, పూర్తి మార్పిడి చేసిన నూరు తుంటులలో సుమారు 58 ఇరువదియైదేండ్లు నిలుచును. అనగా మన గ్రంథాలయమంతటి ఆయుస్సు! అది ప్రధానముగా అరుగుదలకు చేయించుకొన్నవారి లెక్క. అయినను అరువదియెనిమిదేండ్ల అవ్వకు ఇంతకంటె ఏమి కావలెను?

ఒక తుంటి విరిగినవారికి రెండవది విరుగు భయము అధికము. ఎముకలు గుల్లబారకుండ మందులున్నవి. వైద్యుని అడిగి వాడుకొనవలెను. పాలు, రాగులు, నువ్వులు ఎముకలకు బలము. ఎండ సోకవలెను. కంటి శుక్లములు తీయించుకొనవలెను. స్నానాల గదిలో గోడకు ఒక పట్టుకడ్డీ, రాత్రి దారిలో ఒక దీపము, జారని చెప్పులు, వీని ఖర్చు కొద్దిది. ఆసుపత్రి ఖర్చుతో పోల్చిన అది లెక్కలోనిది కాదు.

సోదరీ సోదరులారా! మనలను ఎత్తుకొని పెంచిన నడుములు నేడు విరుగుచున్నవి. "పెద్దతనము గదా" యని వారిని మూలగదిలో మంచమునకు అప్పగించుట ధర్మము కాదు. పడకముందు కుంటుచు నడచిన తల్లి, చికిత్స తరువాత మునుపటికంటె తక్కువ నొప్పితో నడచుటకు నేడు వీలున్నది. ఆ సంగతి తెలిసినవారు తెలియనివారికి చెప్పుటయే గ్రంథాలయ ధర్మము. ఈ గ్రంథాలయము మరిన్ని ఉత్సవములు జరుపుకొనుగాక యని, ఆ ఉత్సవములకు మన వృద్ధులు తమ కాళ్ళతో తామే నడచివత్తురుగాక యని కోరుచు విరమించుచున్నాను.